చెప్పుల లైన్లో టోకెన్ నంబర్ ఒకటి

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్లకు సాధారణంగా పెన్షన్ ఉంటుంది, బీపీ ఉంటుంది, ఒక పడక కుర్చీ ఉంటుంది. నాకు మూడూ లేవు. నేను రిటైర్ కాలేదు. మొదటి ఉద్యోగం మానేసి రెండోదాంట్లో చేరాను, అంతే. వయసు ఇరవై తొమ్మిది. అయినా ఎందుకు రాస్తున్నానంటే, కొత్త ఆఫీసులో ఈ ఏడాది చేరిన పిల్లలు నన్ను సార్ అంటున్నారు. సార్ అనిపించుకున్నాక మనిషి ఊరికే కూర్చోకూడదు, ఏదో ఒకటి చెప్పాలి. చెప్పుకోదగ్గ విజయాలు లేవు కాబట్టి ఒక ఉదయం గురించి చెప్తాను. ఏడున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు అయిపోయింది. ఆ రెండు గంటల్లో నేను చేసిన తప్పులకు మామూలు మనిషికి రెండేళ్లు పడుతుంది.

పేర్లు మాత్రం రాయను. ఎవరి మీదో గౌరవంతో కాదు. ఆ రోజు గొడవంతా ఒక పేరు వల్లే వచ్చింది, మళ్లీ ఆ సాహసం చేయదలచుకోలేదు.

అప్పుడు మా ఆఫీసు, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఉస్మాన్‌గంజ్‌లో, ఒక మిర్చి హోల్‌సేల్ దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. ఏసీ లేదు, ఘాటు ఉంది. మీటింగులో ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరిగితే, మనసు నొచ్చుకుందా లేక కింద బస్తాలు దించుతున్నారా అని ముందు కిటికీలోంచి చూసేవాళ్లం. ప్రతిసారీ బస్తాలే. ఉన్నది ముగ్గురం: ఎప్పుడూ బయట తిరిగే ఓనరు, పని మొత్తం చేసే అక్క, ఆ పనికి అడ్డం పడకుండా ఉండాల్సిన నేను. అక్కది కోస్తా. పదేళ్ల నుంచి ఇక్కడే ఉన్నా, ఆమె మాట వింటే ఇప్పుడే బెజవాడ బస్సు దిగి వచ్చినట్టుంటుంది. నాది ఉప్పుగూడ. ఉద్యోగంలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు.

ఉప్పుగూడ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక కంటి దవాఖాన ఉంది. ఒక కమిటీ నడుపుతుంది. డాక్టర్‌గారు వారానికి మూడు రోజులు వస్తారు, తొమ్మిదిన్నరకు కూర్చుంటారు. జనం మాత్రం తెల్లవారుతూనే వస్తారు. వచ్చి అంతసేపు నిలబడలేరు, అందరూ పెద్దవాళ్లే. అందుకని చెప్పులు విప్పి గోడ వెంబడి వరసలో పెట్టి, కుక్కలు ఎత్తుకుపోకుండా పైన ఒక రాయి పెట్టి, వాళ్లు పోయి చాయ్ హోటల్ ముందో, ఎదురు అరుగు మీదో కూర్చుంటారు. మనిషి లేకపోయినా లైన్లో మనిషి చెప్పులుంటాయి. చెప్పుల నంబరే మనిషి నంబరు. డాక్టర్‌గారు కూర్చున్నాక సిస్టర్ బయటికొచ్చి మొదటి జత చూపించి, ఎవరివని అడుగుతుంది. ఎవరివైతే వాళ్లు లేచి లోపలికి పోతారు.

వినడానికి బాగానే ఉంది. ఇది కంటి దవాఖాన అన్న సంగతి గుర్తొచ్చేదాకా.

దవాఖాన పని మా ఆఫీసుకు వచ్చినప్పుడు, సిస్టర్ నాకు మొదటి రోజే చెప్పింది. "తమ్మీ, వీళ్లందరికి మోతిబిందు, కండ్లల్ల పొర. సగం మందికి నీలం చెప్పేదో, పచ్చ చెప్పేదో తెల్వది. ఇవి ఎవరియి అని అడిగితె నలుగురు లేస్తరు. గుర్తువట్టేటోళ్లైతె ఈడికెందుకొస్తరు?"

ఇందులో పగలబడి నవ్వాల్సింది కొంత ఉంది కానీ, ఆమె ముందు నవ్వలేం. అంతకుముందు నెల రెండు జతల నీలం హవాయి చెప్పుల మధ్య వచ్చిన లొల్లిలో ఒక చెప్పు గాలిలోకి లేచి వచ్చి ఆమె ముఖానికి తగిలింది. కళ్లద్దాలు పగిలాయి. కంటి కింద మూడు కుట్లు పడ్డాయి. ఇంకొంచెం పైన తగిలుంటే ఆమే లైన్లో చెప్పులు పెట్టాల్సి వచ్చేది. కుట్లు విప్పిన రోజే కమిటీ దగ్గరికి పోయి, నంబర్లు పెట్టి పిలిచే పద్ధతి తెస్తారా, నన్ను పొమ్మంటారా అని అడిగింది. పదకొండేళ్ల నుంచి ఆ దవాఖానలో ఉన్నది ఆమె ఒక్కతే. డాక్టర్లే మారారు.

కమిటీ అంటే నిజానికి ఒక్క మనిషి. మిగతావాళ్లు సంతకాలు చేస్తారు. ఆ పెద్దాయనను అందరూ బాపు అంటారు. తరతరాలుగా ఆ బస్తీలోనే ఉన్న కుటుంబం, తాతలది గుడి సేవ, ఆయనది ఏదో ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి దిగిపోయిన జీవితం. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగిస్తాడు. ఆయనకు చెప్పుల మీద అపారమైన నమ్మకం. "చెప్పులకు కరెంటు వద్దు, మరమ్మతు వద్దు" అన్నాడు నాతో. "మా నాయన జమాన సంది నడుస్తున్నయి. నీ డబ్బా ఎన్ని రోజులు నడుస్తది, చెప్పు బేటా?"

చివరికి సిస్టర్ పట్టుదలకు ఒక మెట్టు దిగాడు. ఒక్క రోజు చూస్తాడు. శనివారం. డాక్టర్‌గారు కూర్చునే తొమ్మిదిన్నరకల్లా మా డబ్బా మొదటి నంబరు పిలిస్తే ఉంటుంది. పిలవకపోతే మళ్లీ చెప్పులే, ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. సిస్టర్ సరేనంది. పిలవకపోతే సోమవారం నుంచి తాను రానని కూడా అంది. ఆ మాట ఎంత మామూలుగా అందంటే, బాపు వినలేదు. నేను విన్నాను.

మా డబ్బా గొప్పదేం కాదు. సిస్టర్ బల్ల మీద పాత కంప్యూటర్, పక్కన చీటీలు కొట్టే చిన్న ప్రింటర్, గోడకు ఒక స్పీకర్. ఆమె మీట నొక్కితే నంబరు చీటీ వస్తుంది. ఇంకో మీట నొక్కితే స్పీకర్ ఆ నంబరును పిలుస్తుంది. చూపు సరిగా లేనివాళ్లకు తెర మీద నంబరు చూపించి లాభం లేదు కాబట్టి గొంతుతోనే పిలవాలని అక్క అంది. తెలుగు నంబర్లు అక్కే చదివింది. ఉర్దూ నంబర్లు కింద మిర్చి దుకాణం గుమాస్తా చదివాడు. పదిహేడు దగ్గర ఆయన తుమ్మాడు. తీసేద్దామనుకున్నాను, మర్చిపోయాను.

ప్రోగ్రాం అక్క రాసింది, పైథాన్ భాషలో. ప్రోగ్రాం అంటే ఒకే ఫైలు కాదు; ఐదారు ఉంటాయి, ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకుంటూ పనిచేస్తాయి. ఆ పిలుపును ఇంపోర్ట్ అంటాం. నంబర్లు ఇచ్చే ఫైలుకు అక్క పెట్టిన పేరు చీటీ. తెర మీద పైన కూడా అదే కనిపించేది.

గురువారం బాపు తెర చూడటానికి వచ్చాడు. అద్దాలు పైకి నెట్టి చదివి, నా వైపు తిరిగాడు.

"చీటీ? ఏందిది? దవాఖానల చీటీలు నడుపుతున్నమా? రేపు బయటోళ్లు పాట ఎప్పుడని అడుగుతరు. తీసెయ్."

న్యాయమైన మాటే. మన దగ్గర చీటీ అంటే ముందు గుర్తొచ్చేది మందులది కాదు. ఇంగ్లీషులో టోకెన్ అని పెట్టమన్నాడు, అది ఎవరికైనా అర్థమవుతుందని. తెర మీద మాట మారిస్తే సరిపోయేది, రెండు నిమిషాల పని. నేను ఆఫీసుకు పోయి, తెర మీద మార్చి, ఆ ఊపులో ఫైలు పేరు కూడా మార్చేశాను. చీటీ అని ఎక్కడుంటే అక్కడ టోకెన్. ఎవరూ అడగకుండా నేను చేసిన మొదటి పని అది. ఆఫీసులో నడిపి చూశాను, చక్కగా నడిచింది. అక్కకు చెప్పలేదు. శుభ్రం చేసినవాడు ఇల్లు ఊడ్చానని అందరికీ చెప్పుకుంటాడా?

శనివారం అక్క రాలేనంది, ఆమె కొడుకు స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్ ఉంది. మీ ఇంటి దగ్గరే కదా, నువ్వు పెట్టి వచ్చెయ్ అంది. మన ఇంటి దగ్గరైనంత మాత్రాన పని వస్తుందని ఎలా అనుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏడున్నరకు పోయాను. అప్పటికే గోడ వెంబడి ముప్ఫై జతలకు పైగా ఉన్నాయి. మెట్ల దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. లోపల బండలు అప్పుడే కడిగారు, చల్లగా ఉన్నాయి. సిస్టర్ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. కొత్త అద్దాలు, కంటి కింద గీత ఇంకా ఎర్రగానే ఉంది. తినడానికి ఏమన్నా తెచ్చుకున్నవా తమ్మీ అని అడిగింది. లేదంటే తన డబ్బాలోంచి రెండు ఇడ్లీలు పెట్టింది. ఆ రోజు సవ్యంగా జరిగింది అదొక్కటే, తొమ్మిదింపావు దాకా.

ఆమె సులువుగా తెరుచుకోవడానికి కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మ పెట్టాను, దాన్ని నొక్కితే ప్రోగ్రాం మొదలవ్వాలి. నొక్కాను. నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని, ఎర్రగా నాలుగు లైన్లు రాసింది. అలాంటి ప్యాకేజీ ఏదీ నాకు కనబడలేదు అని. మా సొంత ఫోల్డర్ గురించే ఆ మాట. పక్కనే ఉంది. ఇంట్లో మనిషినే ఇంటివాళ్లు ఎవరు నువ్వు అని అడిగినట్టు.

ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. పేరు పెట్టి పిలిస్తే పైథాన్ ఊరంతా వెతకదు. దాని దగ్గర కొన్ని చోట్ల జాబితా ఉంటుంది, వరసగా. మొదటి చోట చూస్తుంది, లేకపోతే రెండోది, తర్వాత మూడోది. ఆ పేరుతో మొదట ఏది కనిపిస్తే దాన్నే తెస్తుంది. మంచిదా చెడ్డదా, నువ్వు అడిగిందేనా కాదా అని చూడదు. చార్మినార్ దగ్గర నిలబడి భాయ్ అని కేకేస్తే మీ భాయ్ రాడు. దగ్గర్లో ఏ భాయ్ ఉంటే ఆ భాయ్ తిరిగి చూస్తాడు. ఆఫీసులో నేను మా ఫోల్డర్ పక్కనే నిలబడి నడిపేవాణ్ణి, కనబడేది. ఇక్కడ తెర మీది బొమ్మ ఇంకెక్కడి నుంచో నడుపుతోంది, కనబడటం లేదు. అంతే సంగతి.

ఇప్పుడు చెప్పినంత తేలిగ్గా అప్పుడు తెలిసుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. అప్పుడు నేను చేసింది ఏంటంటే, ముందు ఫోల్డర్‌లో ఒక ఖాళీ ఫైలు పెట్టాను. ఏమీ రాయని ఫైలు పెడితే పనులు జరుగుతాయని నమ్మే వృత్తి మాది. నిజంగానే కొన్నిసార్లు జరుగుతాయి. ఆ రోజు జరగలేదు. తర్వాత ఫోన్లో వెతికి, ఎవరో ఎవరికో చెప్పిన ఒక్క లైను దొరికితే తెచ్చి ప్రోగ్రాం నెత్తిన పెట్టాను. ఆ లైను అర్థం: ఆ జాబితాలో మా ఫోల్డర్‌ను అందరికంటే ముందు నిలబెట్టు. కంప్యూటర్లు సున్నా నుంచి లెక్క పెడతాయి కాబట్టి ఆ చోటు నంబరు సున్నా. అంటే లైన్లో ఒకటో నంబరు వాడికి కూడా ముందు.

మళ్లీ నొక్కాను. ఈసారి నలభై లైన్లు వచ్చాయి.

పాత గొడవ పోయింది. కొత్త గొడవ మా ఫైళ్లలో కాదు, పైథాన్ సొంత ఫైళ్లలో వస్తోంది. నేను ఎన్నడూ తెరవని ఫైళ్లు, నా జోలికి రాని ఫైళ్లు. పైథానే పాడైందని తేల్చేశాను. తీసేసి మళ్లీ ఎక్కించాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. వైర్లు ఊపాను. వైర్లకు దీనితో సంబంధం లేదని నాకు తెలుసు, కానీ సిస్టర్ చూస్తోంది, ఏదో ఒకటి చేస్తున్నట్టు ఉండాలి. ప్రతిసారీ అవే నలభై లైన్లు, అదే వరసలో.

బయట లొల్లి మొదలైంది. ఒక పెద్దమనిషి గొంతు గట్టిగా వినిపిస్తోంది. తను నాలుగున్నరకే వచ్చాడట, అందరికంటే ముందు పెట్టాడట, ఇప్పుడు చూస్తే ఎవడో తన చెప్పులకు ముందు చెప్పులు పెట్టిపోయాడట. గుర్తుపట్టడానికి చేతితో తడిమి చూసుకున్నాడట, తనవి టైరు చెప్పులు, ముందున్నవి మెత్తని తోలువి, తను మోసపోయే మనిషి కాదట. ఇంకో నలుగురు ఆయన వైపు, ఇంకో నలుగురు ఊరికే. సిస్టర్ చేయి అనుకోకుండా కంటి కింది గీత మీదికి పోయింది. తర్వాత లేచి బయటికి నడిచింది.

నేను తలుపు మూసుకున్నాను, ఏకాగ్రత కోసం. పని చేసుకునేవాడికి ఈ జనం ఎంత అడ్డమో అనుకున్నాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సిస్టర్ పది నిమిషాలకు తిరిగొచ్చింది. ఆ ముందరి చెప్పులు ఎవరివో ఎంత అడిగినా ఎవరూ చెప్పడం లేదట. వాటిని పక్కకు జరిపితే ఆ చెప్పుల మనిషి వచ్చి ఇంకో లొల్లి చేస్తాడు, ఈ ఒక్క రోజు ఏ చెప్పూ గాలిలోకి లేవకుండా చూసుకోవాలి కాబట్టి ఎక్కడివి అక్కడే ఉంచి, ముసలాయనను బతిమాలి కూర్చోబెట్టి వచ్చింది. చెప్తూ చెప్తూ తెర వైపు చూసింది.

"నడుస్తదా తమ్మీ?"

ఐదు నిమిషాలు అన్నాను. మా వృత్తిలో ఐదు నిమిషాలంటే తెలియదు అని అర్థం. పదకొండేళ్లు పేషెంట్లకు ఐదు నిమిషాలు అని చెప్పిన మనిషి ఆమె, అర్థమైపోయింది. బల్ల సొరుగు తెరిచి తన చేతి సంచి తీసి, అందులోంచి ఒక మడత కాగితం బయట పెట్టి, దాని మీద ప్రింటర్ చీటీల కట్ట బరువుగా పెట్టింది. నేను అడగలేదు. రాజీనామా అని పైన రాసి ఉంది, అడగాల్సిన పని లేదు.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా బాపు వచ్చి తలుపు తీశాడు. తెర చూశాడు, నన్ను చూశాడు. "ఎర్రగ వస్తున్నదేంది? మంచిదేనా అది?" అని అడిగాడు. ఎర్ర రంగు మొదట్లో వస్తుందన్నాను. ఆయన తల ఊపి, గోడ గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఆ కుర్చీ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

అప్పుడు అక్కకు ఫోన్ చేశాను. ముందే ఎందుకు చేయలేదంటే, సమాధానం సిగ్గుపడేంత మామూలుది: ఇది నేనొక్కణ్ణే చేశానని సోమవారం చెప్పుకుందామనుకున్నాను. ఆమె ఎత్తి గుసగుసగా మాట్లాడింది, మీటింగ్ గదిలోనే ఉంది.

"ఏంట్రా?"

"అక్కా, పైథాన్ ఖరాబైంది."

"పైథాన్ పాడవదు గానీ, ఏం రాసిందో చదువు."

పైనుంచి మొదలుపెట్టాను. మూడో లైను దగ్గర ఆపేసింది. "పై నుంచి ఎవడు చదువుతాడు? చివరి లైను చదువు. మెల్లగా."

చదివాను. టోకెన్ నుంచి ఫలానాది తీసుకోలేకపోతున్నాను, అంది.

"తర్వాత?"

"అంతే అక్కా."

"అంతే కాదు. చివర బ్రాకెట్లో ఏదో ఉంటుంది చూడు."

ఉంది. నలభై నిమిషాల నుంచి ఉంది. బ్రాకెట్లో ఉన్నదాన్ని నేను ఎప్పుడూ చదవను. మందుల పెట్టె మీదైనా, పెళ్లి పత్రికలోనైనా. ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి జరిగి చదివితే, అది ఒక చిరునామా. దోషి ఇల్లు, వీధి, గడపతో సహా. మా ఫోల్డర్. మా ఫైలు. టోకెన్.

ఆ చిరునామా అక్కకు చదివి వినిపించాను. వెనక ఎవరో టీచర్ మాట్లాడటం వినిపిస్తోంది.

"టోకెన్ అనే ఫైలు మనకెక్కడిదిరా?"

చెప్పాను. చీటీ, బాపు, పాట, అన్నీ. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న నవ్వు.

విషయం ఇది. టోకెన్ అనే పేరుతో పైథాన్‌కు సొంత ఫైలు ఒకటి ఉంది. ఎప్పటినుంచో ఉంది. మనం రాసింది ముక్కలు ముక్కలుగా చదువుకోవడానికి అదే ఆధారం. నేను అదే పేరుతో ఇంకొకటి పెట్టాను. అంతవరకైనా ప్రమాదం లేదు, మా ఫోల్డర్‌లో దాని మానాన అది ఉండేది, ఆఫీసులో అందుకే నడిచింది. కానీ పొద్దున్నే మా ఫోల్డర్‌ను లైన్లో అందరికంటే ముందు తెచ్చి నిలబెట్టాను. ఇప్పుడు పైథాన్ తన సొంత టోకెన్ కోసం కేకేస్తే మా టోకెన్ లేచి నిలబడుతోంది. పైథాన్ దాన్ని నానా ప్రశ్నలూ అడుగుతోంది. అది దవాఖాన నంబర్లు చెప్తోంది.

లైన్లో జనం దూరకుండా చేసే ప్రోగ్రాం, నేను లైన్లో దూరడం వల్ల ఆగిపోయింది. దీన్ని అక్క ఇంత అందంగా చెప్పలేదు. ఆమె అన్నది: "నువ్వు పెట్టిన ఆ లైను తీసెయ్. ఫైలుకి పాత పేరు పెట్టు. తెర మీద టోకెన్ అనే ఉండనీ, లోపల పేరు ఎవడు చూస్తాడు. ఆ బొమ్మ నొక్కితే మన ఫోల్డర్ పక్క నుంచి మొదలయ్యేలా పెట్టు. అయిపోయాక ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టు. మా వాడి టీచరు నా వంకే చూస్తోంది." ఫోన్ పెట్టేసే ముందు మళ్లీ అంది, "ఈవిడా అదే చెప్తోంది. మావాడు ప్రశ్న చివరిదాకా చదవడట."

అన్నీ చేయడానికి ఆరు నిమిషాలు పట్టింది. బొమ్మ నొక్కాను. నల్ల కిటికీ వచ్చింది, ఎర్ర లైన్లు రాలేదు. దాని వెనక తెర తెల్లగా తెరుచుకుని పైన టోకెన్ అని కనిపించింది. గడియారం తొమ్మిదీ పద్నాలుగు. నేను ఏ దేవుడికీ మొక్కలేదు. కానీ ఇద్దరు ముగ్గురు దేవుళ్లకు మొక్కినవాళ్లకు ఎలా ఉంటుందో తెలిసింది. ఒళ్లంతా తేలిగ్గా అయిపోయి, సిస్టర్ డబ్బాలో మిగిలిన ఇడ్లీ అడిగి మరీ తిన్నాను.

సిస్టర్ ఇడ్లీ ఇచ్చి, మడత కాగితాన్ని సంచిలో పెట్టేసి, చీటీలు కొట్టడం మొదలుపెట్టింది. చెప్పులు ఎన్ని జతలుంటే అన్ని. బయటికి పోయి, వరసలో మొదటి జతతో మొదలుపెట్టి ఒక్కొక్క జతలో ఒక్కొక్క చీటీ, పైన రాయి. తర్వాత అందరినీ పిలిచి, ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని, చీటీ చేతిలో పట్టుకుని కూర్చోమంది. ఇక నుంచి చెప్పులను కాదు, నంబరునే పిలుస్తారని, చెవులుంటే చాలని చెప్పింది.

డాక్టర్‌గారు కూర్చున్నారు. బాపు స్పీకర్ కింద నిలబడ్డాడు, చేతులు వెనక కట్టుకుని. సిస్టర్ మీట నొక్కింది.

"ఒకటో నంబరు వారు లోపలికి రండి" అంది గోడ, శుద్ధ కోస్తా తెలుగులో. వెంటనే మిర్చి దుకాణం గుమాస్తా గొంతు అదే ఉర్దూలో చెప్పింది.

ఎవరూ లేవలేదు.

సిస్టర్ మళ్లీ నొక్కింది. అక్క మళ్లీ అంతే మర్యాదగా పిలిచింది. అరుగు మీద కూర్చున్నవాళ్లు ఒకరి చీటీ ఒకరికి ఇచ్చుకుని చదివించుకుంటున్నారు. ఒకామె, ఆ పిలిచే ఆంధ్రామె ఏడుందని పక్కనామెను అడిగింది. మూడోసారి. ఎవరూ లేరు. బాపు గడియారం చూశాడు, సిస్టర్‌ను చూశాడు.

"చూసినవా? డబ్బా పిలిస్తె మనిషి రావాలె కదా. చెప్పులైతె చేతుల పట్టుకోని చూపిస్తుంటివి."

సిస్టర్ బయటికి పోయింది. గోడ వెంబడి ఇప్పుడు ఒక్క జతే మిగిలింది, వరసలో మొదటిది, మెట్లకు ఆనుకుని. వాటిని చేతిలో పట్టుకుని లోపలికి వచ్చింది. గోధుమ రంగు, మెత్తని తోలు, ఎడమ దాని పట్టీ దగ్గర కుట్టు ఊడింది. అందులో చీటీ. ఒకటో నంబరు.

"ఇవి ఎవరియి?" అంది, అందరినీ చూస్తూ.

నేను కూడా అందరినీ చూశాను. తర్వాత కాళ్ల కింద బండలు ఎందుకంత చల్లగా ఉన్నాయా అని కిందికి చూసుకున్నాను.

ఆ ముసలాయన చూపు ఎంత మందగించినా నన్ను మాత్రం సరిగ్గానే చూశాడు. నాలుగున్నరకు వచ్చిన మనిషి. ఆయన దగ్గరికి పోయి, పెద్దాయనా, పొద్దున తొందరల ఈడ విడిచిన, లైన్ అని చూసుకోలే, నా నంబరు నువ్వు తీసుకో అని చీటీ చేతిలో పెట్టబోయాను. ఆయన తీసుకునేవాడే. బాపు ఆపాడు.

"ఆగు. నంబర్ అంటె నంబరే. ఇయ్యాల నువ్వు మార్చుకుంటె రేపు అందరు మార్చుకుంటరు. ఒకటి నీది, లోపలికి నడువు."

"నాకు కండ్లు బాగనే ఉన్నయి బాపు."

"గది డాక్టర్ సాబ్ చెప్తడు. చలో."

రెండు నిమిషాల కింద దాకా చెప్పుల వైపు ఉన్న మనిషి ఈయన. సిస్టర్ ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి, నవ్వు అని తర్వాత తెలిసింది, ఆ క్షణంలో మాత్రం భయమేసింది.

లోపలికి పోయాను. డాక్టర్‌గారికి సంగతేమీ తెలియదు, ఒకటో నంబరుకు ఏం చేస్తారో నాకూ అదే చేశారు. ఒక కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమన్నారు. పై నాలుగు వరసలు గడగడా చదివాను. ఐదో వరస ఏదని అడిగాను. ఐదో వరస ఉందన్నారు. ఆరోది కూడా ఉందట. బయటికొచ్చేసరికి చేతిలో కాగితం, రెండు కళ్లకూ అద్దాలు.

ముసలాయనను పిలవగానే లేచాడు. స్పీకర్ వైపు చూసి, "వస్తున్న బిడ్డా, జర ఆగు" అన్నాడు. అక్క ఆగింది. అక్కడి నుంచి లైను నడిచింది. ఒక్క లొల్లి లేదు. పదిహేడో నంబరు దగ్గర మాత్రం ఒకామె లేచి, గోడ తుమ్మేసరికి మళ్లీ కూర్చుని, నీళ్లు తాగి, కాసేపాగి లోపలికి పోయింది. దాన్ని తీసేద్దామా అని సిస్టర్‌ను అడిగాను. ఉండనీ తమ్మీ, ఆ ఒక్కదాని దగ్గర డాక్టర్ సాబ్‌కు చాయ్ తాగే టైం దొరుకుతది అంది. ఇప్పటికీ ఉందని విన్నాను. సిస్టర్ కూడా ఉంది. మడత కాగితాన్ని ఆమె చించేయలేదు, వెనక వైపు ఖాళీగా ఉందని అద్దాల నంబర్లు రాసుకుంది. మొదటిది నాదే.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇందులోంచి నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. ఫైలుకు పేరు పెట్టేముందు ఆ పేరుతో ముందే ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి. అర్థం కాని లైను తెచ్చి నెత్తిన పెట్టుకోకండి. చెప్పులు విప్పేముందు కింద చూడండి.

ఆ మధ్యాహ్నం అక్కకు మెసేజ్ పెట్టాను: నడిచింది, నాకు అద్దాలు పడ్డాయి, బ్రాకెట్లో ఉన్నది కనబడకపోవడానికి కారణం ఇదే. ఎనిమిది నెలల నుంచి అది నీ బద్ధకం అనుకున్నాన్రా, పాపం అని జవాబిచ్చింది. ఆ పాపం అన్న మాట చదివి నాకు చాలా హాయిగా అనిపించింది.

అద్దాలు వచ్చి ఐదేళ్లవుతోంది. ఆరో వరస కూడా కనబడుతోంది. బ్రాకెట్లో ఉన్నది మాత్రం ఇప్పటికీ చదవడం లేదు.